తొలి గెలాక్సీలు: కూడటం ఒక ఎత్తు, చల్లారటం ఇంకో ఎత్తు

హన్మకొండలో బీఎస్సీ చదువుతున్న తమ్ముడు అడిగినవి మూడు. విశ్వం మొదట్లో అంతటా ఒకే తీరుగా ఉంటే గెలాక్సీల్లాంటి గడ్డలు ఎక్కడి నుంచి వచ్చాయి? వాటిని చేయడానికి గురుత్వాకర్షణ ఒక్కటే సరిపోతుందా? జేమ్స్ వెబ్ టెలిస్కోప్‌కు మరీ పాత గెలాక్సీలు కనిపించాయి కాబట్టి బిగ్ బ్యాంగ్ తప్పు అంటున్న వీడియోలు నిజమేనా?

రెండో ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే చాలా వివరణల్లో జారిపోయేది అక్కడే. గురుత్వం ఒక్కటే సరిపోదు. వాయువును ఒకచోటికి నెడితే వేడెక్కుతుంది. సైకిల్‌కు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు పట్టుకుంటే తెలిసే సంగతే ఇది. వేడెక్కిన వాయువు బయటికి తోస్తుంది, కుంగడం ఆగిపోతుంది. ఆ వేడిని కాంతిగా బయటికి పంపే దారి దొరికితేనే వాయువు ఇంకా లోపలికి జారి, చిక్కబడి, నక్షత్రాలవుతుంది. దారి దొరక్కపోతే వేడి ముద్దగా అలాగే ఉండిపోతుంది. ఏ మబ్బు గెలాక్సీ అవుతుందో, ఏది కాదో తేల్చేది ఈ చల్లారే వేగమే. 1977, 78 సంవత్సరాల్లో ఖగోళ శాస్త్రవేత్తలు రీస్, ఆస్ట్రైకర్, సిల్క్, వైట్ దీన్ని లెక్కగట్టి చూపారు. ఈ రంగానికి ఇప్పటికీ పునాది అదే.

ఇక మొదటి ప్రశ్న. బిగ్ బ్యాంగ్ జరిగి సుమారు 1,380 కోట్ల ఏళ్లు. తొలి 3.8 లక్షల ఏళ్ల దాకా హైడ్రోజన్ అంతా ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లుగా విడివిడిగా ఉంది. వెలుతురు ఎలక్ట్రాన్లకు తగిలి ఎటూ కదల్లేని స్థితి. ఉష్ణోగ్రత 3,000 కెల్విన్ దగ్గరికి దిగాక అవి కలిసి పరమాణువులయ్యాయి. ఏ వేడి దగ్గర ఎంత భాగం కలుస్తుందో చెప్పేది మన మేఘనాథ్ సాహా 1920లో ఇచ్చిన సమీకరణమే. హైడ్రోజన్ నుంచి ఎలక్ట్రాన్‌ను విడదీసే శక్తిని ఉష్ణోగ్రతలోకి మారిస్తే లక్షన్నర కెల్విన్ పైనే వస్తుంది. మరి 3,000 దాకా ఎందుకు ఆగాలి? ఒక్కో ప్రోటాన్‌కు సుమారు 160 కోట్ల ఫోటాన్లు, అంటే వెలుతురు కణాలు ఉండేవి. అందులో బాగా శక్తిగలవి కొద్ది భాగమే అయినా, కలిసిన ప్రతి జంటనూ మళ్లీ విడగొట్టడానికి చాలు. పరీక్షల్లో ఇది రాయకుండా వదిలేసేవాళ్లు ఎక్కువ.

అప్పుడు విడుదలైన వెలుతురే ఈనాడు 2.7 కెల్విన్ మైక్రోవేవ్ నేపథ్యం. 1965లో పెంజియాస్, విల్సన్ దాన్ని కనిపెట్టారు. అందులోని మరకలను కోబె ఉపగ్రహం 1992లో చూపింది. మరకలంటే లక్షలో ఒక వంతు తేడా, అంతే.

ఇక్కడ కాగితం మీద ఒక లెక్క చేసి చూడు. విశ్వం ఎన్ని రెట్లు సాగితే సాంద్రతలోని తేడా అన్ని రెట్లే పెరుగుతుంది, అంతకంటే వేగంగా పెరగదు. అప్పటి నుంచి ఇప్పటికి విశ్వం సాగింది 1,100 రెట్లు. లక్షలో ఒకటిని 1,100తో హెచ్చవేస్తే నూటికి ఒకటి. ఒక మబ్బు విస్తరణ నుంచి తెగి తనలోకి తాను కుంగాలంటే ఆ తేడా నూటికి నూరు దాటాలి. అంటే మామూలు పదార్థం ఒక్కటే ఉంటే ఈరోజుకు కూడా ఒక్క గెలాక్సీ పుట్టేది కాదు. ఈ లోటు పూడ్చేది డార్క్ మ్యాటర్, అంటే కంటికి కనిపించకుండా గురుత్వంతో మాత్రమే తెలిసే పదార్థం. అది ఉందనడానికి గెలాక్సీల భ్రమణ వేగాలను చూపడం అలవాటు. నన్నడిగితే అంతకన్నా గట్టి సాక్ష్యం ఈ రెండు వరుసల లెక్కే.

డార్క్ మ్యాటర్‌కు వెలుతురుతో పనిలేదు. మామూలు పదార్థం వెలుతురు పట్టులో చిక్కుకుని ఉండగానే, బిగ్ బ్యాంగ్ తర్వాత సుమారు 50,000 ఏళ్ల నుంచే అది గడ్డకట్టడం మొదలుపెట్టింది. పరమాణువులు ఏర్పడే సమయానికి గెలాక్సీల కొలతలో దాని ఎగుడుదిగుళ్లు మామూలు పదార్థంలోని తేడా కన్నా సుమారు వంద రెట్లు లోతుగా ఉన్నాయి. పట్టు వదిలిన వాయువు నేరుగా ఆ గుంటల్లోకి జారింది.

ఓరుగల్లు వైపు వాళ్లకు ఇది చెప్పడం సులువు. కాకతీయుల గొలుసుకట్టు చెరువులను తలచుకో. వాన అంతటా ఒకే తీరుగా పడుతుంది, నీళ్లు నిలిచేది పల్లంలోనే. ఒర్రెల నుంచి వాగుకు, వాగు నుంచి కుంటకు, కుంట నిండి మత్తడి (అలుగు) దుంకితే కింది చెరువుకు. డార్క్ మ్యాటర్ నేల వాలు, వాయువు వాన నీళ్లు. నేలకు నీళ్లకు బరువులో పోలిక చూస్తే, డార్క్ మ్యాటర్ మామూలు పదార్థానికి ఐదు రెట్ల పైన ఉంటుంది. ఒక్క తేడా మాత్రం మరవొద్దు. పాకాల చెరువు శిఖం (నీళ్లు నిలిచే నేల) తన చోటనే ఉంటుంది. విశ్వంలో పల్లం కూడా రోజురోజుకు దిగబడుతూ, పక్క పల్లాలను తనలో కలుపుకుంటూ పోతుంది. అందుకే అక్కడ ముందు కుంటలు, తర్వాత చెరువులు, అన్నిటికన్నా ఆలస్యంగా సముద్రాల్లాంటి గెలాక్సీ గుచ్ఛాలు.

ఈ పల్లాన్నే హాలో అంటారు. కుంగడం ఆగాక దాని సాంద్రత చుట్టుపక్కల సగటుకు సుమారు 200 రెట్లు ఉంటుంది. డార్క్ మ్యాటర్ వెలుతురును వదలదు కాబట్టి చల్లారదు, ఉబ్బిన గోళంలా అక్కడే ఆగిపోతుంది. వాయువు చల్లారగలదు కాబట్టి నడిమికి జారుతుంది. గెలాక్సీ నడుమ వెలుగుతూ, దాని చుట్టూ పది రెట్ల వెడల్పున చీకటి గోళం ఉండటానికి కారణం ఈ తేడానే.

వాయువు ఎంత వేడెక్కుతుందో నిర్ణయించేది హాలో బరువు. దీన్ని కాస్త ఓపికగా చూడాలి, అసలు కథంతా ఇందులోనే ఉంది. విశ్వానికి 10 నుంచి 20 కోట్ల ఏళ్ల వయసులో ఉన్న తొలి హాలోల బరువు సుమారు 10 లక్షల సూర్యులంత. వాటిలో పడ్డ వాయువు రెండు మూడు వేల కెల్విన్ దాకా వేడెక్కుతుంది. చిక్కు ఏమిటంటే, హైడ్రోజన్ పరమాణువు 10,000 కెల్విన్ కన్నా తక్కువ వేడిలో వెలుతురును వదలలేదు. దానిలోని ఎలక్ట్రాన్‌ను పై మెట్టుకు ఎక్కించేంత గట్టి ఢీ ఆ వేడిలో దొరకదు. కార్బన్, ఆక్సిజన్ ఉంటే పని జరిగేది, కానీ అవి నక్షత్రాల్లో తయారయ్యే సరుకు. అప్పటికి నక్షత్రమే లేదు.

దారి చూపింది హైడ్రోజన్ అణువు, అంటే రెండు పరమాణువుల జంట. దుమ్ము లేనిచోట రెండు పరమాణువులు నేరుగా అతుక్కోలేవు. కలవకుండా మిగిలిపోయిన ఎలక్ట్రాన్లు పదివేల పరమాణువులకు రెండు చొప్పున ఉన్నాయి, అవే మధ్యవర్తులు. ఎలక్ట్రాన్ ముందు ఒక పరమాణువుకు అంటుకుంటుంది, అది రెండో పరమాణువుతో కలిసి అణువు అవుతుంది, ఎలక్ట్రాన్ మళ్లీ విడిపోతుంది. అలా వాయువులో పదివేలో వంతు అణువులు తయారైతే చాలు, వేడి సుమారు 200 కెల్విన్ దాకా దిగుతుంది. అక్కడ ఘన సెంటీమీటర్‌కు పదివేల కణాల సాంద్రత దగ్గర కుంగడం నెమ్మదించి, సుమారు 1,000 సూర్యుల బరువున్న ముద్దలు విడివడతాయి. ఈనాటి పాలపుంతలో మబ్బులు 10 కెల్విన్ దాకా చల్లారతాయి కాబట్టి చిన్న ముక్కలై సూర్యుడిలాంటి నక్షత్రాలవుతాయి. ఆనాడు అంత చల్లారలేదు, అందుకే తొలి నక్షత్రాలు పదుల నుంచి వందల సూర్యుల బరువు. వంద సూర్యుల బరువున్న నక్షత్రం 30 లక్షల ఏళ్లకే అయిపోతుంది.

ఈ అణువు బహు సుకుమారం. తొలి నక్షత్రం నుంచి వచ్చే 11.2 నుంచి 13.6 ఎలక్ట్రాన్ వోల్టుల అతినీలలోహిత కాంతి దాన్ని విడగొట్టేస్తుంది. పక్క హాలోల్లోని అణువులు కూడా చెదిరి అక్కడ చల్లారడం ఆగిపోతుంది. కాబట్టి అలాంటి ఒకటి రెండు నక్షత్రాలున్న కుంటను గెలాక్సీ అనకూడదు. గెలాక్సీ అనదగ్గది హాలో బరువు 5 నుంచి 10 కోట్ల సూర్యులకు చేరి, వాయువు 10,000 కెల్విన్ దాటినప్పుడే మొదలవుతుంది. అక్కడ పరమాణువే వెలుతురు వదులుతుంది, అణువును దేబిరించే పని ఉండదు. ఈలోగా పేలిపోయిన నక్షత్రాలు చల్లిన కార్బన్, ఆక్సిజన్ కూడా చల్లార్చడంలో చెయ్యి కలుపుతాయి.

రెండో చివర కూడా చూడు. లక్ష కోట్ల సూర్యుల బరువున్న పాలపుంత హాలోలో వాయువు వేడి సుమారు పది లక్షల కెల్విన్. వెయ్యి లక్షల కోట్ల సూర్యుల బరువున్న గెలాక్సీ గుచ్ఛంలో పది కోట్ల కెల్విన్. అంత పలుచటి, అంత వేడి వాయువులో చాలా భాగం చల్లారడానికి విశ్వం వయసు కూడా చాలదు. కన్య, కోమా గుచ్ఛాల్లో అది ఇప్పటికీ ఎక్స్‌రేలు వెలిగిస్తూ అలాగే ఉంది. అందుకే గుచ్ఛమంతా కలిసి ఒకే మహా గెలాక్సీగా మారలేదు. పెద్ద పల్లం ఉంటే చాలు పెద్ద గెలాక్సీ అవుతుందనుకోవడం తప్పని దీంతో తేలుతుంది. ఇంకోవైపు, తొలినాళ్ల మధ్యతరగతి హాలోల్లో వాయువు వేడెక్కకుండానే, ఒర్రెల్లో నీళ్లొచ్చినట్టు, సన్నటి ధారలుగా నేరుగా నడిమికి దిగింది. ఆనాటి గెలాక్సీలు నక్షత్రాలను అంత జోరుగా చేయడానికి ఇదొక పెద్ద కారణం.

పళ్లెం ఆకారం గురించి కొంచెం. పక్క గడ్డల లాగుడు వల్ల ప్రతి హాలో మెల్లగా తిరుగుతూ ఉంటుంది. వాయువు శక్తిని కోల్పోతుంది గానీ కోణీయ ద్రవ్యవేగాన్ని అంత తేలిగ్గా కోల్పోదు, కాబట్టి జారేకొద్దీ వేగం పెంచుకుని పళ్లెంగా పరుచుకుంటుంది. ఇది చాలా త్వరగానే జరిగింది. పుణెలోని రేడియో ఖగోళ పరిశోధన కేంద్రం ఎన్‌సీఆర్‌ఏ శాస్త్రవేత్తలు 2025లో వెబ్ చిత్రాల్లో గుర్తించి అలకనంద అని పేరు పెట్టిన గెలాక్సీ, విశ్వం వయసు 150 కోట్ల ఏళ్లప్పుడే చక్కటి సర్పిలం.

ఇప్పుడు మత్తడి సంగతి. చల్లారడం ఒక్కటే పెట్టి కంప్యూటర్‌లో నడిపితే ఫలితం దారుణంగా తప్పుతుంది. 1990ల అనుకరణల్లో ఇదే జరిగింది. వాయువంతా తొందరపడి చిన్న హాలోల్లోనే గడ్డకట్టింది, ఆ గడ్డలు కలుస్తూ తమ తిరుగుడును డార్క్ మ్యాటర్‌కు ఇచ్చేశాయి, చివరికి పళ్లేలు అసలు కొలతలో చిన్న భాగమంత మిగిలాయి, నక్షత్రాలేమో మరీ ఎక్కువయ్యాయి. లోటు ఎక్కడ? సూపర్‌నోవాలను, అంటే బరువైన నక్షత్రాల పేలుళ్లను సరిగ్గా లెక్కలోకి తీసుకోలేదు. మొత్తం కలిపి సుమారు 100 సూర్యుల బరువున్నన్ని నక్షత్రాలు తయారైతే వాటిలో ఒకటి సూపర్‌నోవాగా పేలుతుంది. ఒక్కో పేలుడులో 1 పక్కన 44 సున్నాలు పెడితే వచ్చేన్ని జౌళ్ల శక్తి బయటపడుతుంది. చిన్న గెలాక్సీ గురుత్వం బలహీనం, అక్కడి వాయువు మత్తడి దుంకినట్టు బయటికి పోతుంది. పెద్ద గెలాక్సీల్లో ఆ పని నడిమి బ్లాక్ హోల్ చేస్తుంది. అందుకే నక్షత్రాలు చేయడంలో అన్నిటికన్నా దిట్ట అయిన పాలపుంత బరువు హాలోలు కూడా తమ వంతు వాయువులో ఐదో వంతుకు మించి నక్షత్రాలుగా మార్చలేదు. మిగతా చోట్ల ఇంకా తక్కువ.

విశ్వం వయసు 100 కోట్ల ఏళ్లు అయ్యేసరికి ఈ గెలాక్సీల వెలుతురు మధ్య ఖాళీల్లోని హైడ్రోజన్‌ను మళ్లీ విడగొట్టి పదివేల కెల్విన్‌కు వేడిచేసింది. చాలా చిన్న హాలోలు ఆ వేడి వాయువును పట్టి ఉంచలేక ఎండిన కుంటలయ్యాయి. పాలపుంత చుట్టూ ఉండాల్సినన్ని బుల్లి గెలాక్సీలు కనిపించకపోవడంలో దీని వాటా పెద్దది.

ఇక వెబ్ సంగతి. ముందు దూరం ఎలా కొలుస్తారో తెలిస్తే వీడియోల్లో సగం వాటంతట అవే రాలిపోతాయి. దారిలోని హైడ్రోజన్ 121.6 నానోమీటర్ల కన్నా పొట్టి తరంగాలను మింగేస్తుంది. విస్తరణ వల్ల ఆ హద్దు పొడవైన తరంగాల వైపు జరుగుతుంది, ఈ జరుగుదల కొలతే రెడ్‌షిఫ్ట్. అది ఎంత ఎక్కువైతే వెలుతురు అంత పాతది. రెడ్‌షిఫ్ట్ 14.2 అయితే 121.6ను 15.2తో హెచ్చవేయాలి, అంటే 1.85 మైక్రాన్లు. అంతకన్నా పొట్టి ఫిల్టర్లలో గెలాక్సీ మాయమై, పొడవు ఫిల్టర్లలో కనిపించాలి. ఇది ఫిల్టర్లతో వేసే అంచనా మాత్రమే. దగ్గర్లోని దుమ్ముపట్టిన గెలాక్సీ, లేదా ఆక్సిజన్, హైడ్రోజన్ గీతలు బలంగా ఉన్న గెలాక్సీ అచ్చం ఇలాగే కనబడి మోసం చేయగలదు. సీర్స్-93316 అనే అభ్యర్థికి 2022లో రెడ్‌షిఫ్ట్ 16 పైన అన్నారు. 2023లో వర్ణపటం తీస్తే, అంటే వెలుతురును తరంగాల వారీగా విడదీసి చూస్తే, 4.9 అని తేలింది. అంటే 24 కోట్ల ఏళ్ల నాటిదనుకున్నది 120 కోట్ల ఏళ్ల నాటిది. వర్ణపటం లేని రికార్డును రికార్డుగా తీసుకోవద్దు.

వర్ణపటంతో ఖాయమైనవీ ఉన్నాయి. 2024లో ప్రకటించిన జేడ్స్-జీఎస్-జెడ్14-0 వెలుతురు విశ్వానికి 30 కోట్ల ఏళ్లయినా నిండకముందు బయలుదేరింది. వెడల్పు సుమారు 1,600 కాంతి సంవత్సరాలు, నక్షత్రాల బరువు కొన్ని పదుల కోట్ల సూర్యులంత. 2025లో ఆల్మా రేడియో టెలిస్కోప్ దానిలో ఆక్సిజన్‌ను కూడా పట్టుకుంది, అంటే అప్పటికే అక్కడ ఒక తరం నక్షత్రాలు పుట్టి పోయాయి. ఇలాంటి వెలుగైన గెలాక్సీలు అంచనాల కన్నా ఎక్కువ ఉన్న మాట నిజం.

అయితే బిగ్ బ్యాంగ్ తప్పా కాదా అని తేల్చడానికి ఒక పరీక్ష ఉంది, తమ్ముడూ, నువ్వే చేసుకోవచ్చు. మొత్తం పదార్థంలో మామూలు పదార్థం సుమారు 16 శాతం. కాబట్టి ఏ హాలోలోనూ నక్షత్రాల బరువు హాలో బరువులో 16 శాతం దాటలేదు. నక్షత్రాలు 40 కోట్ల సూర్యులంత అనుకుంటే కనీసం 250 కోట్ల సూర్యుల హాలో కావాలి. వాయువులో పదో వంతే నక్షత్రాలైందనుకున్నా 2,500 కోట్లు. ఆ వయసులో అలాంటి హాలోలు అరుదే గానీ సిద్ధాంతం ప్రకారం ఉండాల్సినవే. హద్దు దాటినట్టు కనిపించినవి 2023లో వచ్చిన ఎర్రటి అభ్యర్థులు, వాటికి 10,000 కోట్ల సూర్యుల దాకా బరువు కట్టారు. తర్వాత చూస్తే అలాంటివాటిలో కొన్నిటి వెలుతురులో బ్లాక్ హోల్ వాటా ఉందని తేలి, బరువులు దిగొచ్చాయి. కాబట్టి నా తీర్పు స్పష్టం. పల్లాల లెక్క నిలబడింది, సరిచేయాల్సింది నీళ్ల లెక్క. తొలి గెలాక్సీలు నక్షత్రాలను విడతలు విడతలుగా, ఉధృతంగా చేశాయా, దుమ్ము తక్కువై ఎక్కువ వెలిగాయా, బరువైన నక్షత్రాల పాలు ఎక్కువా అన్నవే ఇప్పుడు తేలాల్సినవి.

తొలి నక్షత్రాల కాలం నాటి వాయువును నేరుగా వినే ప్రయత్నం మన దేశంలోనూ సాగుతోంది. హైడ్రోజన్ పలికే 1,420 మెగాహెర్ట్జ్ రేడియో సంకేతం రెడ్‌షిఫ్ట్ 17 నుంచి వస్తే 79 మెగాహెర్ట్జ్ దగ్గరికి దిగుతుంది, ఎఫ్ఎం స్టేషన్ల పొరుగుకు. 2018లో ఎడ్జెస్ అనే రేడియో ప్రయోగ బృందం అక్కడ సంకేతం తగ్గిన ఒక లోతైన గుంట కనిపించిందని చెప్పింది. బెంగళూరు రామన్ పరిశోధన సంస్థ వాళ్లు సారస్-3 యాంటెన్నాను కర్ణాటకలో చెరువు నీళ్ల మీద తేల్చి కొలిచారు. నేలలో పొరపొరకూ తేడాలుండి సంకేతాన్ని పాడుచేస్తాయి, నీళ్లు అంతటా ఒకే తీరు. 2022లో వాళ్ల కొలతలు ఆ గుంటను నిలబడనివ్వలేదు.

చేతులారా చేసి చూడాలంటే, విశ్వంలో గడ్డలు కట్టడాన్ని కంప్యూటర్‌లో అనుకరించే గ్యాడ్జెట్-4 ప్రోగ్రామ్ ఉచితంగా దొరుకుతుంది. లినక్స్, 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ చాలు, ఆరంభ స్థితిని చేసే ఎన్‌జెనిక్ అందులోనే ఉంది. 50 మెగాపార్సెక్‌ల (పార్సెక్ ఖగోళ దూరాల కొలత) ఊహా పెట్టెలో ఒక్కో వైపు 128 చొప్పున, మొత్తం 20,97,152 కణాలు పెట్టు. ఒక్కో కణం బరువు సుమారు 240 కోట్ల సూర్యులు. నూరు కణాల కన్నా తక్కువున్న గడ్డను నమ్మొద్దు కాబట్టి, నమ్మదగ్గ అతి చిన్న హాలో 24,000 కోట్ల సూర్యులు. పాలపుంత హాలోకు 400 కణాలు వస్తాయి. రెడ్‌షిఫ్ట్ 50 కన్నా ముందే మొదలుపెట్టు, ఆలస్యంగా మొదలైతే తొలి హాలోలు తక్కువగా వస్తాయి. కణాల మధ్య సగటు దూరం 390 కిలోపార్సెక్‌లు, మృదుత్వ దూరం (కణాలు ఇంతకన్నా దగ్గరైతే గురుత్వాన్ని తగ్గించి లెక్కించే హద్దు) అందులో ముప్పయ్యో వంతు, అంటే 13 దగ్గర పెట్టు. మరీ తగ్గిస్తే రెండు కణాలు దగ్గరై ఒకదాన్నొకటి విసిరేసుకుని హాలో నడిమి భాగం అబద్ధంగా వస్తుంది. హాలోలను వెతకడానికి లింకు దూరం, అంటే రెండు కణాలను ఒకే గడ్డలోవిగా లెక్కించే దూరం, సగటు దూరంలో 0.2 వంతు. ఎక్కువమంది తప్పు చేసేది యూనిట్ల దగ్గర. గ్యాడ్జెట్ దూరాలు, బరువులు విస్తరణ వేగాన్ని చెప్పే హబుల్ సంఖ్యతో కలిసి ఉంటాయి, ఆ 0.68ను మరిస్తే బరువులన్నీ దాదాపు ఒకటిన్నర రెట్లు తప్పుతాయి.

తొలి 10 లక్షల సూర్యుల హాలోలే కావాలంటే పెట్టెను అర మెగాపార్సెక్‌కు దించాలి, అప్పుడు కణం బరువు 2,400 సూర్యులకు వస్తుంది. ఆరంభాన్ని రెడ్‌షిఫ్ట్ 200కు జరుపు, 15 దగ్గర ఆపేయి. పెట్టె కన్నా పెద్ద సాంద్రత ఎగుడుదిగుళ్లు అందులో లేవు కాబట్టి హాలోల సంఖ్య అసలు కన్నా తక్కువగానే వస్తుంది, అంతకుమించి నడిపితే పెట్టె మొత్తం ఒకే ముద్దగా కుంగడం మొదలవుతుంది. వేర్వేరు ఆరంభ సంఖ్యలతో (రాండమ్ సీడ్) నాలుగైదు సార్లు నడిపి సగటు తీసుకో.